పదబంధక్రియలు – శబ్దపల్లవాలు: కార్యాలయ ఆంగ్ల బోధనకు తెలుగు వ్యాకరణం చూపే దారి (నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యం)

వ్యాససంగ్రహం: కార్యాలయ సంభాషణలో తరచుగా వినిపించే ఇంగ్లీషు ‘ఫ్రేజల్ వెర్బ్’లు తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పట్టభద్రులకు కొరకరాని కొయ్యలుగా ఉన్నాయి. ఇవి తెలుగు స్వభావానికి పరాయివి కావనీ, శబ్దపల్లవాలు, సంయుక్తక్రియలు, సంస్కృత ఉపసర్గలు తెలిసిన విద్యార్థికి వీటి కీలకం ఇంతకుముందే చేతిలో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: పదబంధక్రియ, శబ్దపల్లవం, అనుప్రయుక్తక్రియ, ఉపసర్గ, కార్యాలయ ఆంగ్లం, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ప్రవేశిక

ఆళ్లగడ్డలో శిల్పుల కుటుంబానికి చెందిన ఒక డిగ్రీ పట్టభద్రుడు ఆ మధ్య నాకొక ఈమెయిలు చూపించాడు. విదేశంలోని ఒక ఆలయ సంఘం రాతి విగ్రహానికి ధర అడిగింది. ఇంట్లో ఇంగ్లీషు చదువుకున్నవాడు తానొక్కడే కనుక కొటేషన్ అతడే తయారుచేసి పంపాడు. వచ్చిన జవాబు రెండే వాక్యాలు. రెండోది ధన్యవాదం. మొదటిది ‘ది కమిటీ హాజ్ టర్న్‌డ్ డౌన్ యువర్ కొటేషన్’. ‘టర్న్ డౌన్’ అంటే టీవీ శబ్దం తగ్గించడమని అతనికి తెలుసు. కమిటీ ధర తగ్గించమంటున్నదని అర్థం చేసుకొని, తండ్రిని ఒప్పించి, ఇంకా తక్కువ ధరతో మరో కొటేషన్ పంపాడు. దానికి జవాబు రాలేదు. అసలు విషయం చెప్పినప్పుడు అతడన్న మాట ఇది: “రిజెక్ట్ అని రాసుంటే నాకు తెలిసేది సార్.”

ఈ ఒక్క మాటలోనే సమస్య అంతా ఉంది. అతనికి పదసంపద లేక కాదు. ‘రిజెక్ట్’, ‘పోస్ట్‌పోన్’, ‘ఇన్వెస్టిగేట్’, ‘సబ్మిట్’ వంటి లాటిన్ మూలాల క్రియలు మన పాఠ్యపుస్తకాలు అతనికి నేర్పాయి. కార్యాలయంలో మనుషులు మాట్లాడుకునేటప్పుడు వాటి స్థానంలో ‘టర్న్ డౌన్’, ‘పుట్ ఆఫ్’, ‘లుక్ ఇంటూ’, ‘హ్యాండ్ ఇన్’ వస్తాయి. విడివిడిగా చూస్తే ఇవి ఆరో తరగతి విద్యార్థికి కూడా తెలిసిన మాటలే. తెలిసిన మాటలు కావడమే ఇక్కడి ప్రమాదం. తెలియని మాట ఎదురైతే విద్యార్థి నిఘంటువు తీస్తాడు. తెలిసిన మాటే కదా అనుకున్నప్పుడు తీయడు.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. అప్పటికి ఏడాది ముందే, 2021–22 విద్యాసంవత్సరం నుంచి, రాష్ట్రంలో డిగ్రీ చదువు ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. ఇంటర్మీడియట్ వరకూ తెలుగులో చదివిన పల్లె విద్యార్థి ఇంగ్లీషులో పరీక్ష రాసి, విత్తన సంస్థల్లోనో, సిమెంటు కర్మాగారాల కార్యాలయాల్లోనో, హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లోనో ఉద్యోగానికి పోతున్నాడు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ శిల్పకళకు బయటి రాష్ట్రాల నుంచీ విదేశాల నుంచీ గిరాకీ ఉంది. కాబట్టి ఊరు విడిచి పోనివాడికి కూడా ఈ ఇంగ్లీషు తప్పడం లేదు.

2. పదబంధక్రియ: స్వరూపం, చరిత్ర

ఒక సామాన్య క్రియకు ‘అప్’, ‘ఆఫ్’, ‘ఔట్’, ‘ఇన్’, ‘ఓవర్’, ‘డౌన్’ వంటి అవ్యయం చేరి, రెండూ కలిసి ఒకే క్రియగా పనిచేస్తే దానిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ వ్యాసంలో పదబంధక్రియ అని వ్యవహరిస్తాను. ఆ ఇంగ్లీషు పేరును లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వెలువడిన తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ గ్రంథంలో వాడాడు. అది తనకు హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరని కూడా చెప్పుకున్నాడు. పేరు కొత్తదే గాని గుర్తింపు పాతది. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలో, క్రియకు అవ్యయం చేరి అర్థం మారిపోయే ఈ ప్రయోగాలే విదేశీయులకు అన్నిటికంటే కష్టమని ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

వీటి సంఖ్య వేలల్లో ఉన్నా వాడుక కొద్దిమాటల చుట్టూనే తిరుగుతుంది. గార్డ్‌నర్, డేవీస్ అనే పరిశోధకులు 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను పరిశీలించి, ఇరవై క్రియలు ఎనిమిది అవ్యయాలతో కలిసి ఏర్పడే బంధాలే మొత్తం 5,18,923 ప్రయోగాల్లో సగానికి పైగా ఉన్నాయని తేల్చారు. అదే పరిశీలనలో ఎక్కువ వాడుకలో ఉన్న వంద పదబంధక్రియలకు 559 అర్థచ్ఛాయలు కనిపించాయి. అంటే ఒక్కొక్కదానికి సగటున అయిదున్నరకు పైమాటే. గార్నియర్, ష్మిట్ 2015లో 150 పదబంధక్రియలను ఎంచి, ఒక్కొక్కదానికి ముఖ్యమైన అర్థాలను మాత్రమే ఉంచి ఒక జాబితా ప్రకటించారు. తక్కువ మాటలు, ఎక్కువ అర్థాలు: ఆళ్లగడ్డ యువకుడు జారిపడింది సరిగ్గా ఇక్కడే. అతనికి తెలిసిన అర్థం తప్పు కాదు. అది రెండో అర్థం.

3. మన వ్యాకరణంలో దీనికి సాటి

తెలుగు శాఖల్లో పనిచేసేవారికి ఈ లక్షణం కొత్తదేమీ కాదు. ‘హృ’ ధాతువుకు ఉపసర్గలు చేరితే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం ఏర్పడతాయని సంస్కృత వ్యాకరణం చదివిన ప్రతివారికీ తెలుసు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని చెప్పడానికి మన గురువులు చూపే ఉదాహరణలివే. ‘టర్న్’ అనే క్రియకు ‘డౌన్’, ‘అప్’, ‘ఔట్’, ‘ఓవర్’ చేరినప్పుడు జరిగేదీ ఇదే.

ఉపసర్గ ధాతువుకు ముందు, విడదీయరానట్టుగా ఉంటుందనీ, ఇంగ్లీషు అవ్యయం క్రియ తరువాత, విడిగా ఉంటుందనీ ఆక్షేపించవచ్చు. లౌకిక సంస్కృతం వరకు ఆ ఆక్షేపణ సరైనదే. వేదభాషలో మాత్రం ఉపసర్గ క్రియ తరువాత కూడా రావచ్చనీ, రెండింటి నడుమ ఇతర పదాలు చొరబడవచ్చనీ పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయం చతుర్థపాదంలో చెప్పాడు. ‘పుట్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు నడుమ ‘ఇట్’ చొరబడటం సంస్కృతం చదువుకున్న విద్యార్థిని ఆశ్చర్యపరచనక్కరలేదు.

అయితే డిగ్రీ తరగతిలో అందరికీ సంస్కృతం రాదు. అచ్చంగా తెలుగు నుంచే మొదలుపెట్టడం మేలు. ఒక మాట మీద క్రియ చేరి, విడి అర్థాల మొత్తం కాని కొత్త అర్థం ఇస్తే దానిని మనవారు శబ్దపల్లవం అన్నారు. చేయి, పట్టు కలిస్తే చేపట్టు. పనిని చేపట్టడంలో చేయీ లేదు, పట్టుకోవడమూ లేదు. ఇంగ్లీషులో అదే ‘టేక్ ఆన్’. బయలుదేరు ‘సెట్ ఔట్’. లోబడు ‘గివ్ ఇన్’. వెనుదీయు ‘బ్యాక్ ఔట్’. కనుగొను ‘ఫైండ్ ఔట్’. ఎదురుచూచు అనే మాటను ముక్కముక్కగా అనువదిస్తే దాదాపు ‘లుక్ ఫార్వర్డ్’ వస్తుంది. రెండు భాషలూ నిరీక్షణకు ఒకే దృశ్యాన్ని ఎన్నుకున్నాయి. ఒక తేడా ఉంది: బస్సు కోసమూ ఎదురుచూస్తాం, కోర్టు తీర్పు కోసం భయంతోనూ ఎదురుచూస్తాం. ఇంగ్లీషు బంధంలో మాత్రం సంతోషం తప్పనిసరి. ఉత్తరం చివర ‘మీ జవాబుకై ఎదురుచూస్తూ’ అని రాసే సందర్భంలో రెండూ సరిగ్గా కలుస్తాయి.

క్త్వార్థకం మీద మరో క్రియ చేరే బంధాలు ఇంకా దగ్గరివి. మన వార్తాపత్రికల భాష వీటి మీదే నడుస్తోంది. లోపాలను ఎత్తిచూపారు, ఆరోపణలను తోసిపుచ్చారు, పిటిషన్‌ను కొట్టివేశారు, యాజమాన్యం దిగివచ్చింది. ఎత్తడంలో గాని చూపడంలో గాని విమర్శ లేదు. రెండూ కలిస్తే ‘పాయింట్ ఔట్’. దిగడమూ రావడమూ చేరి పట్టు సడలించడం అవుతుంది. ‘క్లైమ్ డౌన్’ కూడా అంతే. ఇక తోసిపుచ్చు. ఆ యువకుడికి అర్థం కాని ‘టర్న్ డౌన్’కు సరిసమానమైన మాట అతడు రోజూ చదివే పత్రిక మొదటి పుటలోనే ఉంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనం ఇంగ్లీషు విషయం ఇంగ్లీషు శాఖకే వదిలేశాం.

మూడో రకం అనుప్రయుక్తక్రియలు. ‘తిను’కు వేయు చేరితే తినివేయు, వాడుకలో తినేయు. ‘అగు’కు పోవు చేరితే అయిపోవు. పని పూర్తయిందనే అర్థాన్ని ఇవి అందిస్తాయి. ఇంగ్లీషులో ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’, ‘రన్ ఔట్’, ‘పే ఆఫ్’ చేసే పని ఇదే. అప్పు తీర్చడం వేరు, తీర్చివేయడం వేరు. రెండోదాంట్లో బాకీ మిగలదు. ‘పే’కూ ‘పే ఆఫ్’కూ ఉన్న తేడా అంతే. ఆళ్లగడ్డలో రాతిని చెక్కడానికీ అదనపు రాతిని చెక్కివేయడానికీ భేదం శిల్పి ఇంటి పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ‘చిప్’, ‘చిప్ ఆఫ్’ అతనికి ఒక్క నిమిషంలో బోధపడతాయి. అలాగే ‘కొను’. చూచు, చూసుకొను మధ్య ఉన్న దూరం ‘లుక్’, ‘లుక్ ఆఫ్టర్’ మధ్య ఉంది. “ఈ పని నువ్వు చూసుకో” అని నంద్యాల విత్తన దుకాణంలో యజమాని గుమాస్తాతో అంటే అక్కడ కంటితో చూడవలసిందేమీ లేదు. ఇంగ్లీషు యజమాని ‘సీ టు ఇట్’ అంటాడు. అక్కడా చూపే!

పదార్థ విభజనలో యౌగికం, రూఢం, యోగరూఢం అనే పరిభాష మనకుంది. దీనిని పదబంధక్రియలకు అన్వయిస్తే బోధనలో ఏది ముందు, ఏది వెనుక అన్నది తేలుతుంది. ‘గో ఔట్’, ‘కమ్ బ్యాక్’ యౌగికాలు. వీటికి పాఠం అక్కరలేదు. ‘పుట్ అప్ విత్’ (భరించు) రూఢం. దానిని మాటగా కంఠస్థం చేయవలసిందే. ‘టేక్ ఓవర్’, ‘హ్యాండ్ ఓవర్’ వంటివి మధ్యలో ఉంటాయి. అవయవార్థం కొంత కనిపిస్తూనే ప్రత్యేకార్థంలో స్థిరపడ్డాయి. ఉపాధ్యాయుడి శ్రమ ఎక్కువగా ఈ మధ్యవాటి మీద పెట్టాలని నా అభిప్రాయం.

4. ఉన్నవి వాడకపోవడం, ఉన్నట్టు తెలియకపోవడం

డాగట్, లాఫర్ 1985లో హీబ్రూ మాతృభాషగా గల విద్యార్థులను పరిశీలించి, వారు పదబంధక్రియలను తప్పించుకొని ఏకపద క్రియలనే ఎంచుకుంటున్నారని చూపారు. లాక్షణికార్థం ఉన్నవాటిని మరీ ఎక్కువగా తప్పించుకున్నారు. హీబ్రూలో అలాంటి నిర్మాణం లేకపోవడమే కారణమన్నారు. 1989లో హుల్‌స్టైన్, మార్చేనా డచ్ విద్యార్థులను చూశారు. డచ్‌లో ఆ నిర్మాణం ఉంది, కాబట్టి మూకుమ్మడిగా తప్పించుకోలేదు. చిత్రమేమిటంటే డచ్ పలుకుబడికి మరీ దగ్గరగా ఉన్నవాటిని మాత్రం, ఇది మా భాష వాసన కొడుతోందన్నట్టు, అనుమానించి వదిలేశారు. తెలుగు విద్యార్థి ఈ రెండింటి నడుమ ఉన్నాడు. రూపంలో తెలుగు హీబ్రూ వంటిది, అవ్యయం వెనుక చేరే పద్ధతి లేదు. అర్థనిర్మాణంలో డచ్‌కు దగ్గర.

దీనికి తోడు మన విద్యార్థి నోట పదబంధక్రియలు ఇప్పటికే ఉన్నాయి. అవి ఇంగ్లీషుగా కాదు, తెలుగుగా ఉన్నాయి. వ్యాపారం పికప్ అయింది. ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఆ ధరకు వర్కౌట్ కాదు. ఈసారి కటాఫ్ ఎంత? ఫైలు పుటప్ చేశారా? ఈ మాటల చేరికలో తెలుగు తన పని తాను చేసింది. ‘కట్’, ‘ఆఫ్’ అనే రెండు మాటలను సంధి చేసి ఒకటిగా బిగించింది, నామంగా మార్చింది, చేయు, అవు అనే క్రియలను తగిలించింది. ఆ బిగింపువల్ల విద్యార్థికి అది విడదీయదగిన క్రియ అని స్ఫురించదు. ‘పికప్ చేశాడు’ అనే అలవాటు నుంచి ‘హీ పిక్డ్ అప్ మీ’ అంటాడు. ‘పిక్డ్ మీ అప్’ అనాలి. కర్మ నామవాచకమైతే ఎటు పెట్టినా చెల్లుతుంది; సర్వనామమైతే నడుమనే పెట్టాలి. ‘లుక్ ఇంటూ’, ‘గెట్ బ్యాక్ టు’ వంటివాటిలో మాత్రం నడుమ చోటు లేదు, ‘లుక్ ఇంటూ ఇట్’ అనే అనాలి.

ఉచ్చారణలోనూ ఇదే చిక్కు. ‘పికప్’ నామంగా ఉన్నప్పుడు ఊనిక మొదటి మాట మీద, క్రియగా ఉన్నప్పుడు ‘అప్’ మీద పడుతుంది. మనం అన్నిచోట్లా నామం పలికినట్టే పలుకుతాం.

‘పుటప్’ గురించి ఒక మాట. అధికారి ముందు ఫైలు ఉంచడమనే అర్థంలో ఇది భారతీయ ప్రభుత్వ కార్యాలయాల సొంత ప్రయోగం. దీనిని తప్పు అనను. నంద్యాల కలెక్టరు కార్యాలయంలో ఇది సరైన ఇంగ్లీషే. చదువు ముగించడమనే అర్థంలో ‘పాసౌట్’ కూడా మనకు స్థిరపడింది. బ్రిటన్‌లో సైనిక శిక్షణ ముగించినవారి విషయంలో ఆ అర్థం ఉంది, ఇతరత్రా అది స్పృహ తప్పడం. విదేశీ సంస్థ ఇంటర్వ్యూలో ‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2023’ అంటే వినేవారు ఒక క్షణం తడబడవచ్చు. ఏది ఎక్కడ చెల్లుతుందో చెప్పడం మన పని. గీత గీసి కొట్టేయడం కాదు. ‘కోప్ అప్ విత్’, ‘డిస్కస్ అబౌట్’ విషయం వేరు. రెండోది ‘గురించి చర్చించు’ అనే తెలుగు నుంచి దిగుమతైంది. అవ్యయం అక్కరలేని చోట చేర్చడం కూడా ఈ గందరగోళంలో భాగమే.

5. కార్యాలయంలో వినిపించేవి

సమయానికి సంబంధించినవాటిలోనే నష్టం ఎక్కువ. ‘పుట్ ఆఫ్’ వాయిదా వేయడం, ‘కాల్ ఆఫ్’ రద్దు చేయడం. రెండింటా ఉన్న ‘ఆఫ్’ మన విద్యార్థికి మొదట పరిచయమయ్యేది కరెంటు స్విచ్చు దగ్గర. అందుకే ‘కాల్ ఆఫ్’ అంటే ఫోన్ పెట్టేయడమనుకునేవారున్నారు. అది ‘హ్యాంగ్ అప్’. ‘ఆఫ్’లో మూలార్థం వేరుపడటం అని చెబితే ‘లే ఆఫ్’ (ఉద్యోగం నుంచి తొలగించు), ‘రైట్ ఆఫ్’ (రాని బాకీని లెక్కల నుంచి తీసివేయు) కూడా ఒక దారిన పడతాయి. వాయిదా ముందుకు జరిగితే ‘బ్రింగ్ ఫార్వర్డ్’, వెనక్కి జరిగితే ‘పుష్ బ్యాక్’. తెలుగులో తేదీ ముందుకు జరిగింది అన్నప్పుడు కొందరికి తొందరగా వచ్చిందనీ, మరికొందరికి ఆలస్యమైందనీ తోస్తుంది. కాబట్టి ఇక్కడ తెలుగు సాయం చేయదు. తేదీని అంకెల్లో మళ్లీ రాసి నిర్ధారించుకోవడమే ఉపాయం.

ఇక్కడే ఒక వ్యాకరణ దోషం తరచుగా కనిపిస్తుంది. తెలుగులో వాయిదా వేశారు సకర్మకం, వాయిదా పడింది అకర్మకం. ‘పుట్ ఆఫ్’ ఆ అర్థంలో సకర్మకం మాత్రమే. ‘ది మీటింగ్ పుట్ ఆఫ్’ అని రాసే విద్యార్థి పడింది అన్న తెలుగు క్రియను మనసులో ఉంచుకొని ‘వజ్’ను వదిలేస్తున్నాడు. ‘బ్రేక్ డౌన్’ (యంత్రం చెడిపోవు), ‘వర్క్ ఔట్’ అకర్మకాలు కనుక వాటిలో ఈ చిక్కు లేదు.

బాధ్యతల విషయంలో ‘టేక్ ఓవర్’ బాధ్యత స్వీకరించడం, ‘హ్యాండ్ ఓవర్’ అప్పగించడం, ‘ఫిల్ ఇన్ ఫర్’ ఒకరి బదులు పనిచేయడం. చివరిదానిని ‘ఫిల్ ఇన్’ (దరఖాస్తు పూరించు) అనుకుంటే, సెలవులో ఉన్న సహోద్యోగి బదులు పనిచేయవలసినవాడు ఖాళీ ఫారం కోసం వెతుకుతాడు. సమాచారానికి ‘బ్రింగ్ అప్’ (ప్రస్తావనకు తెచ్చు), ‘గో ఓవర్’ (మొదటినుంచి చివరిదాకా సరిచూచు), ‘ఫాలో అప్’ (వెంటపడి కనుక్కొను). ‘వీ విల్ గెట్ బ్యాక్ టు యూ’ అన్న మాట ఇంటర్వ్యూ తరువాత వింటారు. అది మేమే మీకు తెలియజేస్తామని, అంతే. ఉద్యోగం వచ్చిందనీ కాదు, రాలేదనీ కాదు. ఇది అర్థం కాక మర్నాడే సామాను సర్దుకున్నవారూ ఉన్నారు.

పదబంధక్రియలు మాటల్లోనే వాడాలి, రాతలో వాడరాదు అనే సూత్రం మన సహాయ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇది సగం నిజం. ‘క్యారీ ఔట్’, ‘సెట్ అప్’, ‘పాయింట్ ఔట్’ పరిశోధన వ్యాసాల్లోనూ నిస్సంకోచంగా వస్తాయి. తెలుగులోనూ సమర్పించు శిష్టం, ఇచ్చేయి గ్రామ్యం అనుకోవచ్చు గాని, చేపట్టు, ఎత్తిచూపు ఏ సిద్ధాంతగ్రంథానికైనా తగినవే. ప్రతి బంధానికీ దాని స్థాయి దానికుంటుంది.

6. తరగతిలో ఎలా

అక్షరక్రమ జాబితాలు ఇచ్చి కంఠస్థం చేయించడం వల్ల ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఫర్’, ‘లుక్ ఇంటూ’, ‘లుక్ ఓవర్’ ఒకే చోట చేరి విద్యార్థి బుర్రలో ముద్దకట్టుకుంటాయి. దానికి బదులు జిల్లా సంచిక వార్తాపత్రిక ఒకటి తెచ్చి, అందులోని శబ్దపల్లవాల కింద గీతలు గీయించాలి. మొదట వాటి అర్థం ఏకపద తత్సమ క్రియలో చెప్పించాలి: తోసిపుచ్చు అంటే నిరాకరించు, ఎత్తిచూపు అంటే నిర్దేశించు. ఆ తరువాతే ఇంగ్లీషు జంటను ఇవ్వాలి: ‘రిజెక్ట్’, ‘టర్న్ డౌన్’. అప్పుడు రెండు భాషల్లోనూ ఒకే అర్థానికి రెండు స్థాయిలున్నాయని విద్యార్థి స్వయంగా చూస్తాడు. ఈ పనికి ఇంగ్లీషు, తెలుగు అధ్యాపకులిద్దరూ ఒకే గదిలో ఉండటం అవసరం. పని భారం లెక్కల్లో అలాంటి ఉమ్మడి పీరియడుకు స్థానం లేదని తెలుసు. అయినా నెలకొకటి సాధ్యమే.

ప్రశ్నపత్రం మారకపోతే ఇదంతా వృథా. ఖాళీలో ‘ఆఫ్’ పెట్టాలా ‘ఔట్’ పెట్టాలా అని అడిగే ప్రశ్న ఊహాశక్తిని పరీక్షిస్తుంది, అవగాహనను కాదు. ఒక చిన్న ఉత్తరం ఇచ్చి, అందినవారు ఇప్పుడు ఏం చేయాలి అని తెలుగులో రాయించే ప్రశ్న ఆ తేడాను బయటపెడుతుంది. ఆళ్లగడ్డ యువకుడి ఈమెయిలునే, పేర్లు తీసేసి, అతని అనుమతితో గత సంవత్సరం తరగతిలో ఇచ్చాను. చాలామంది ధర తగ్గించి మళ్లీ పంపాలనే రాశారు. పత్రికలో చదివిన ‘ఆరోపణలను తోసిపుచ్చారు’ అన్న వాక్యాన్ని బోర్డు మీద పక్కనే రాసినప్పుడు, వెనుక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, “అయితే సార్, వాళ్లకు ధర నచ్చలేదో, బొమ్మ నచ్చలేదో మనం ముందు అడగాలి కదా” అంది. ఆ ప్రశ్నను ఇంగ్లీషులో ఎలా అడగాలన్నదే ఆనాటి మిగతా పాఠం.